గంటసేపు దీపం

"చీకటి గదిలో లైటు వేసిందెవరు?" ప్రొఫెసర్ కువబారా పరీక్ష ఫలితాల కాగితం బల్లమీద కొట్టాడు.

పుట్టినప్పటినుంచీ చీకట్లో పెంచిన ఎలుకలవి. వాటి మెదడులో, చూపు నేర్చే చోట, నరాల సంకేతాలు అందుకునే గ్లూటమేట్ రిసెప్టర్ జన్యువు నిద్రపోతూనే ఉండాలి. ఆరో బోను ఎలుకల్లో మేలుకుంది.

ఎలుకల్ని సాకే నాగసె చియెమి తల వంచింది.

"నేనే సార్. చీకట్లో చూసే కళ్ళద్దాలకి బ్యాటరీ అయిపోయింది. ఎలుకొకటి కనబడలేదు. బోనులోంచి తప్పించుకుందేమోనని, దొరికేదాకా దీపం ఆర్పలేదు."

"ఎంతసేపు?"

"గంట. ఆర్నెల్ల కష్టం బూడిదలో పోశాను. మానెయ్యమంటే మానేస్తా."

"అప్పటికి వాటి వయసు?"

"నలభై రోజులు. చూపు నేర్చే వయసు దాటిపోయిందని మీరే అన్నారు."

కువబారా కుర్చీలో కూలబడ్డాడు. "ఒక్క గంట చాలిందా!"

"ఆ లెక్క కొట్టేయమంటారా?"

"వద్దు." ఫోను తీసి, చెల్లెలి పేరు దగ్గర ఆగిపోయాడు. "మా మేనకోడలికి పుట్టుకతోనే రెండు కళ్ళకీ శుక్లాలు. ఆపరేషన్ చేయిస్తామంటే, వయసు దాటింది, కోయించకండని చెప్పింది నేనే."

ఫోను బల్లమీద బోర్లా పెట్టాడు.

"మొన్న నాకు బ్రెయిలీలో ఉత్తరం రాసింది. పుస్తకాలు కొనిచ్చినందుకు థాంక్స్ మామయ్యా అని."