అరవై రెండు కిలోలు

“అరవై రెండు! చూశావా? మూడు నెలల నుంచీ కాటా ముల్లు కదల్లేదు!”

డయాలసిస్ గది బయట కాటా మీద నిలబడ్డ భర్త భుజం తట్టి మురిసిపోయింది ఆమె.

పెళ్ళై ఏడాది కాలేదు. ఐదో నెలలోనే అతని కిడ్నీలు మొరాయించాయి. అప్పట్నుంచీ వంటింట్లో ఆమె మాటే శాసనం. ఉప్పు చిటికెడు, పప్పు లేదు, గుడ్డు ఊసే లేదు.

“జైల్లో ఖైదీకైనా ఎప్పుడో ఓ గుడ్డు పెడతారు మేడమ్ గారూ!”

“నీది జీవిత ఖైదు. నోరు మూసుకుని లోపలికి పద.”

అతను నవ్వుతూ ప్యాంటు పైకి లాక్కుని వెళ్ళాడు.

“అమ్మాయ్, బెల్టుకి కొత్త చిల్లు పొడిచారా?”

కాటా పక్క బెంచీ మీది ముసలాయన అడిగాడు. వారానికి మూడు రోజులు, వీళ్ళొచ్చే వేళకి అక్కడే ఉంటాడు. లోపల ఎవరికో తోడొస్తున్నాడనుకుంది ఆమె. అందరూ కాటా బాబాయి అంటారు.

“పొడిస్తే?”

“నడుం తగ్గింది. బరువు తగ్గలేదు. ఎలా కుదిరిందమ్మా?”

ఆమె కాటా ముల్లు వైపు చూసింది.

“కండ కరిగిన చోట నీళ్ళు చేరాయి. కాటాకి రెండూ ఒకటే. గుండెకి కాదు. అబ్బాయికి గుడ్డు పెట్టు. పళ్ళు తోముకుంటే రక్తమొస్తోందేమో కనుక్కో. లోపలెక్కడో వాపు రగులుతుంటే తిన్నది ఒంటికి పట్టదు.”

“మీరు డాక్టరా బాబాయిగారూ?”

“కాదమ్మా.”

“మరి?”

ఆయన తల దించుకున్నాడు.

తర్వాతిసారి మళ్ళీ పట్టుకున్నాడు. “గుడ్డు పెట్టావా?”

ఆ తర్వాతిసారీ అంతే. “బెల్టు సంగతి డాక్టరు గారికి చెప్పావా?”

అందరూ తిరిగి చూశారు. ఆమెకు తల కొట్టేసినట్టయింది. కంటికి రెప్పలా చూసుకుంటున్న మొగుడి తిండికి నలుగురిలో వంక పెడతాడా?

నేరుగా సిస్టర్ దగ్గరికి వెళ్ళింది.

“ఆయన్ని కాటా దగ్గర కూర్చోనివ్వకండి సిస్టర్. పెద్దమనిషి కదా అని ఊరుకుంటుంటే నెత్తికెక్కుతున్నాడు.”

సిస్టర్ బెంచీ వైపు ఓసారి చూసింది.

“సరేనమ్మా. చెబుతాను.”

ఆ మరుసటిసారి నుంచి ఆయన కనబడలేదు. ఆమె ప్రాణానికి హాయిగా ఉంది.

అరవై రెండు. మళ్ళీ అరవై రెండు.

మూడో వారం మెట్లెక్కుతూ అతను ఆగిపోయాడు.

“ఒక్క నిమిషం మేడమ్ గారూ... ఊపిరి...”

పట్టుకునేలోపే కుప్పకూలాడు.

సాయంత్రానికి పరీక్షల కాగితాలు డాక్టరు చేతికొచ్చాయి.

“రక్తంలో ప్రొటీన్ అడుగంటింది. చిగుళ్ళ నిండా చీము. ఆ వాపు నెలల తరబడి ఒంట్లో రగులుతూనే ఉంది. ఆరేడు కిలోల కండ పోయి, అంత నీరూ చేరింది. గుండె ఎన్నాళ్ళని మోస్తుంది?”

“పథ్యం తప్పలేదు డాక్టర్ గారూ...”

“ఆ పథ్యం డయాలసిస్ మొదలవక ముందుదమ్మా. మొదలయ్యాక ప్రొటీన్ పెంచాలి. ఎవరూ చెప్పలేదా?”

“చెప్పారు,” అంది.

మూడో రోజు తెల్లవారుజామున అతని గుండె ఆగిపోయింది.

నెల తర్వాత ఏవో కాగితాల కోసం ఆమె ఒక్కతే వచ్చింది. బెంచీ మీద ఎవరో కొత్తవాళ్ళు కూర్చున్నారు.

“సిస్టర్, ఆ బాబాయిగారు ఏ రోజు వస్తారు? కాళ్ళు పట్టుకోవాలి.”

“రావడం మానేశారమ్మా.”

“నా వల్లేనా?”

“మీ మాట చెప్పాను. కోపం రాలేదాయనకి. ‘నేను కళ్ళెదుట ఉంటే ఆ పిల్ల పంతానికైనా గుడ్డు పెట్టదు. నేను పోతే పెడుతుందేమో’ అని చెప్పులేసుకుని వెళ్ళిపోయారు.”

ఆమె డయాలసిస్ గది తలుపు వైపు చూసింది.

“మరి లోపల ఆయన పేషెంటు? వాళ్ళకి తోడెవరు?”

సిస్టర్ చేతిలోని కాగితాలు పక్కన పెట్టింది.

“లోపల ఆయన మనిషంటూ ఎవరూ లేరమ్మా, కూతురు పోయి మూడేళ్ళయింది, ఆ పిల్లకి తన చేత్తో పథ్యం వండిపెట్టి, వచ్చినప్పుడల్లా ఈ కాటా చూసి అచ్చం మీలాగే మురిసిపోయిన తండ్రి ఆయన.”