వారు ఒప్పుకోవాలి

“ఉత్త ‘మంచిది’ అంటే చాలదు. ఎలాంటి మంచిదో ఒక పోలిక చెప్పండి,” అంది తెలుగు టీచరు.

టైలరు గడ్డం గోక్కున్నాడు. “మొదటి ట్రయల్‌కే కుదిరిన చొక్కా లాంటిదండీ, అమ్మాయి.”

టీచరు పకపకా నవ్వింది. ఇన్నేళ్ళుగా బళ్ళో అలంకారాలు చెబుతోంది. ఉపమాలంకారానికి ఇంత సూటి ఉదాహరణ ఏ పిల్లాడూ ఇవ్వలేదు.

ఎదుటివాళ్ళని మాటలతో ఒప్పించే విద్యలో ఆమెది పెట్టింది పేరు. ఆమె తర్ఫీదిచ్చిన పిల్లలు ఏ వక్తృత్వ పోటీకి వెళ్ళినా కప్పు పట్టుకునే వస్తారు. ఇంట్లో సరేసరి, ఆమెతో వాదించి గెలిచినవాళ్ళు లేరు. తండ్రి పోయాక మిగిలింది తల్లీ కూతుళ్ళే. తల్లి ఎప్పుడో చేతులెత్తేసింది.

టైలరుది వీధి చివర షాపు. అమ్మ బట్టలు అక్కడే కుట్టిస్తుంది. పాపం నోట్లో నాలుక లేని మనిషి, నాలుగు మాటలు నేర్పవే అని అమ్మ బతిమాలితే టీచరు సరేనంది.

ఆయనకి కావలసింది ఒక పెళ్ళి కుదరడం. అమ్మాయికి ఇష్టమే. అబ్బాయికి మరీ ఇష్టం. అమ్మాయి ఇంట్లో ఒకరు ఒప్పుకోవాలి. వారు కాదంటే పెళ్ళి లేదు. అమ్మాయి వారి మాట దాటదు.

“ఆయనంటే అంత భయమేమిటి మీకు?”

“వారు బాగా చదువుకున్నవారండీ. నోరు తెరిస్తే నేను నిలవలేను.”

టీచరుకి ఒళ్ళు మండింది. చదువుకుని ఏం లాభం, ఈ కాలంలో కూడా ఇలాంటి తండ్రులా అనుకుంది. అలాంటి మొండిఘటాన్ని దారికి తేవడం కన్నా సరదా పని ఆమెకి ఇంకోటి లేదు. కుర్చీ దగ్గరికి లాక్కుంది.

“అబ్బాయి గురించి చెప్పండి.”

“టైలరింగేనండీ. సొంత షాపు. తాగుడు లేదు. పళ్ళన్నీ సొంతవే.”

వంటింట్లో గిన్నె జారి పడింది. టీచరుకీ నవ్వాగలేదు. హాస్యం పండింది, ఆ ముక్క తీసెయ్యొద్దంది. కన్నకొడుకుని పొగడ్డానికి పళ్ళదాకా వెళ్ళిన తండ్రిని ఇదే చూడటం అనుకుంది.

తర్వాత పాఠం జోరందుకుంది. ముఖ్యమైన మాటని మళ్ళీ మళ్ళీ అనాలి, అది పునరుక్తి. ప్రాణం పోతుంది, ఆకాశం ఊడిపడుతుంది అనకూడదు, అతిశయోక్తిని చదువుకున్నవాళ్ళు నమ్మరు. ఉన్నదున్నట్టు చెప్పడం కూడా అలంకారమే. దాన్ని స్వభావోక్తి అంటారు.

“ఉదాహరణకి, మా అమ్మకి నేనుంటే చాలు, ఇంకేమీ అక్కర్లేదు. ఇందులో ఒక్క మాటైనా ఎక్కువుందా?”

టైలరు సందేహంగా అడిగాడు. “అది అతిశయోక్తి కిందికి రాదాండీ?”

“రాదు,” అంది టీచరు. దాంతో ఆ చర్చ ముగిసింది.

అమ్మ టీ తెచ్చింది. ఒకటి చక్కెరతో, ఒకటి చక్కెర లేకుండా. నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుని గబగబా లోపలికి వెళ్ళిపోయింది.

ఆఖరి సూత్రం, ప్రశ్నతో ముగించాలి. జవాబు కోసం కాదు, జవాబుకి చోటు లేకుండా చెయ్యడానికి. అంతా విన్నాక టైలరు ఇంకా నసుగుతూనే ఉన్నాడు. టీచరు వెన్ను నిటారుగా పెట్టి కూర్చుంది.

“నన్నే ఆయననుకోండి. కానివ్వండి.”

టైలరు లేచాడు. ఈసారి నసగలేదు.

“అమ్మాయిని మీరు కంటికి రెప్పలా చూసుకున్నారు. ఏ లోటూ రానివ్వలేదు. కానీ మీరు పనికి వెళ్ళాక ఆ ఇంట్లో గడియారం చప్పుడు తప్ప ఏమీ ఉండదు. పొద్దున్న తోడు కావాలి. మధ్యాహ్నం తోడు కావాలి. మాట్లాడ్డానికి తోడు, మాట్లాడకుండా ఊరికే కూర్చోడానికీ తోడు. తనని మీకు దూరం చెయ్యడం లేదు. మీతోపాటు ఇంకొకరు చూసుకుంటారు, అంతే. ఇందులో మీరు పోగొట్టుకునేది ఏముంది?”

టీచరు కళ్ళు తుడుచుకుంది. తర్వాత చప్పట్లు కొట్టింది. సంతోషంతో కుర్చీలో కుదురుగా కూర్చోలేకపోయింది. ఇంతమంది శిష్యుల్లో ఇలాంటి శిష్యుడు లేడు.

“నేనైతే ఈ క్షణమే ఒప్పేసుకున్నాను. ఇది విని కూడా కాదనేవాళ్ళు అసలు మనుషులే కాదండీ.”

“అయితే ఒప్పుకున్నట్టేనా, తల్లీ?” అంటూ వంటింట్లోంచి బయటికి వచ్చింది పెళ్ళికూతురు.