రింగుకు చుట్టిన గుడ్డ

జూలియా ఆ మురికి గుడ్డపీలికను పరపరా లాగేసి గంగలో పారేసింది.

హౌరా నుంచి బాబూఘాట్ వెళ్ళే పొద్దుటి లాంచీ. ఒళ్ళో ఎంబ్రాయిడరీ రింగు. దాని లోపలి చక్రానికి ఎవరో ఎప్పుడో చుట్టిన గుడ్డ అది.

పక్కన కూర్చున్న ముసలామె ఆపబోయి చాచిన చెయ్యి గాల్లోనే ఆగిపోయింది.

"ఏటి పిల్లా, అలగ పీకీసావు?"

"కంపు కొడతంది మామ్మా. యూనిట్లో ఈ పాత రింగే నా మొహాన కొట్టారు."

"గుడ్డ నేకపోతే బట్ట జారిపోద్దే."

"నాకు తెల్సులే."

ఏం తెలుసు, మట్టి! కలకత్తా భవానీపూర్ కుట్టుపని యూనిట్లో చేరి మూడు రోజులు. పదిహేను రోజుల్లో ఒక చీర కొంగు మచ్చ లేకుండా, ముడత లేకుండా కుట్టివ్వాలి. లేదా ఇంటికే. అలాంటి చోట్ల రెండో మాట ఉండదు.

ఆ రోజు బట్ట జారింది. పువ్వు వంకరపోయింది. మేస్త్రీ అందరి ముందూ విప్పించాడు.

మర్నాడు ముసలామె అదే బల్ల మీద ఉంది. రింగు లాక్కుంది. తన పాత చీర అంచు చింపి తెచ్చిన పీలికను లోపలి చక్రానికి ఏటవాలుగా, బిగించి చుట్టింది. కొసను లోపలివైపు రెండు కుట్లతో ఆపింది. సూదిలో దారం మాత్రం జూలియా చేత ఎక్కించుకుంది.

"ఇప్పుడు బట్ట పెట్టి మర బిగించు. పోగు వెంబడి లాగు. మూలకి లాగితే పువ్వు మూతి తిప్పుకుంటాది. వేలితో కొట్టి చూడు, డప్పులా మోగాల."

మోగింది.

"పని ఆపితే రింగు తీసీ. రాత్రంతా ఉంచీసావో, గుండ్రంగా అచ్చు పడిపోద్ది."

"నీకెందుకు మామ్మా ఇంత బాధ?"

"పని పాడవకూడదే."

రోజూ పాఠమే. జూలియా విసుక్కుంటూనే విన్నది. పేరు మాత్రం అడగలేదు.

పదిహేనో రోజు మేస్త్రీ కొంగును వెలుతురుకు పట్టి చూశాడు. ఏ వంకా పెట్టకుండా మడత పెట్టాడు. అంటే పని ఖాయం!

మర్నాడు జూలియా మామ్మ కోసం సందేశ్ మిఠాయి పొట్లం పట్టుకుని లాంచీ ఎక్కింది. ముసలామె లేదు. ఆ మర్నాడూ లేదు.

యూనిట్లో పక్క పీట మీద కుట్టే జ్యోతిరాణి జూలియా రింగు అందుకుని తిప్పి చూసింది.

"ఈ చుట్టు రోజమ్మ మామ్మది కదేటి! ఎక్కడ కలిసింది నీకు?"

"లాంచీలో. ఎక్కడుందక్కా ఆవిడ?"

"మొన్నే మేనల్లుడు పలాస రైలెక్కించీసాడు. పని పోయిందని ఇంట్లో చెప్పలేక, నెల్లాళ్ళు ఊరికే లాంచీ ఎక్కి దిగిందట, పిచ్చిది."

"ఏం పని?"

జ్యోతిరాణి జూలియా కూర్చున్న పీటకేసి చూసింది.

"ఇరవై రెండేళ్ళు ఈ రింగు పట్టుకుని ఈ పీట మీదే కూకుంది, చూపు ఆనట్లేదని దింపీసి, ఆ చోట్లో నిన్ను పెట్టుకున్నారు."