బంగారు రెక్కలు

తోడికోడలి ఫోన్ లాక్కుని, ఆటలో ఆమె బొమ్మకి బంగారు రెక్కలు చూసిన పెద్దకోడలికి ఒళ్ళు మండిపోయింది.

"నేను ఏడాదంతా ఆడి గెలుచుకున్న రెక్కలివి! ఆట ఫైల్‌లో వేలుపెట్టి నీ బొమ్మకి ఒక్క పూటలో తగిలించేస్తావా? ఇది పైరసీ!"

"ఊరికే ఇచ్చే ఆటే కదక్కా, ఎవరి సొమ్ము ఎత్తుకొచ్చాను?" అంది చిన్నకోడలు.

"ఆట ఊరికే ఇచ్చారు, రెక్కలు కాదు. అందరి ముందూ నాతో సమానంగా ఎగురుదామనేగా!"

"అందరికీ ఎక్కడ కనిపిస్తాయి? మార్చింది నా ఫోన్‌లోనే. నీ ఫోన్‌లో చూడు."

పెద్దకోడలు చూసింది. అందులో చిన్నకోడలి బొమ్మకి రెక్కల్లేవు. ప్రాణం లేచొచ్చింది.

"మరి ఎవరికీ కనబడనివి ఎందుకే?"

"నేను చూసుకుంటాగా!" చిన్నకోడలు ఫోన్ తీసుకుని, బొమ్మని అటూ ఇటూ ఎగరేస్తూ మురిసిపోయింది.

పెద్దకోడలికి మళ్ళీ కడుపు రగిలింది. చూసేవాళ్ళు లేనప్పుడు తన రెక్కలని తను ఏనాడూ విప్పింది లేదు.