మూడో కార్డు

“ఈ ఖాతాకు ఏడాదికి మూడొందలు కట్టాలె పెద్దాయనా. దాంతోనే లక్ష ప్రమాద బీమా ఉంటది. మామూలు ఖాతాకు కట్టేది లేదు, వచ్చేది లేదు,” అన్నాడు వనపర్తి బ్యాంకులో గుమస్తా జితేందర్.

“మూడొందలదే రాయి సారూ. ఎల్లుండి సొరంగం పనికి పోతున్న. ఆడ బండలు పేలుస్తరు,” అంటూ బక్కయ్య రేషన్ కార్డు ఇచ్చాడు.

జితేందర్ కార్డు చూసి పెదవి విరిచాడు. “దీంట్ల అరవై ఎనిమిదేండ్లు ఉన్నయి. అరవై అయిదు దాటినోళ్లకు ఈ బీమా రాదు.”

“అయ్యో, గది పింఛన్ కోసం రాయించింది సారూ! నాకు యాభై ఎనిమిదే.”

పక్కనున్న భార్య హన్మమ్మ మూతి మూడు వంకర్లు తిప్పింది. “పదేండ్లు ఉత్తగనే దొరికినయని ఊరంత చెప్పుకుంటివి గద. ఇగ పో, వాపస్ ఇచ్చిరా!”

“నువ్వు జర ఆగు. సారూ, మమ్ముల పనికి తోలుకపోయే గుంపు మేస్త్రీ ఇచ్చిన ఈ కార్డు చూడు.”

దానిమీద నలభై అయిదు అని ఉంది. జితేందర్ పకపకా నవ్వాడు.

“యాభై దాటితే పనిల పెట్టుకోరు సారూ,” గొణిగాడు బక్కయ్య.

“సర్కారుకు తాతవు, మేస్త్రీకి పడుచోనివి! బ్యాంకోళ్లకు పెండ్లికొడుకువైతవేమో!” హన్మమ్మ కూడా నవ్వబోయింది. ఆ నవ్వు సగంలోనే ఆగిపోయింది. జితేందర్ ముందున్న రెండు కార్డులూ లాక్కుంది.

“బండ మీద పడేటప్పుడు దానికి ఏ కార్డు చూపిస్తవయ్యా?”

బక్కయ్య జేబు తడుముకున్నాడు. యాభై ఎనిమిదని చెప్పే మూడో కార్డు లేదు.