గుర్వయ్యకు చెప్పిన గూఢచారి కథ

"దివాకర్, నీ తాన సినిమా కథ ఒకటి ఉన్నదంటివి గదా. ఇప్పుడు చెప్పు తమ్మీ."

ఫోనులో ఆ మాట వినగానే దివాకర్ కుర్చీలోంచి లేచి నిలబడ్డాడు.

అవతల ఉన్నది గొర్రెల వ్యాపారి గుర్వయ్య. సినిమా తీసే స్తోమత, తీయాలన్న సరదా రెండూ ఉన్న మనిషి మహబూబ్‌నగర్ మొత్తంలో దివాకర్‌కు తెలిసి ఆయన ఒక్కడే. ఎన్నాళ్లు వెంటపడినా "చూద్దాం తీ" అని తప్పించుకుంటూ వచ్చినవాడు. అలాంటిది తనే ఫోన్ చేశాడు.

"ఇంటికి రమ్మంటవా అన్నా?"

"ఇంట్ల లేను. అమ్రాబాద్ అడవి దిక్కు చుట్టాల పండుగకొచ్చిన. మావోళ్లొచ్చేదాక వేరే పని లేదు. సిగ్నల్ గూడ మంచిగున్నది. గని ఒకటే మాట. మటన్ తిని కల్లు తాగిన. కండ్లు మూతలు పడుతున్నయి. నాకు నిద్ర రాకుండ చెప్పాలె. నిద్రొచ్చిందా, అంత అయిపాయె."

గొంతు బాగా తగ్గించి మాట్లాడుతున్నాడు. పక్కన పెద్దవాళ్లెవరో ఉన్నారు కాబోలు అనుకున్నాడు దివాకర్.

కూతురి పెళ్లి వీడియో కోసం బాలనర్సమ్మ అప్పుడే అతని స్టూడియోకొచ్చి కూర్చుంది. ఆమెను ఆగమని చేత్తో సైగ చేసి కథ మొదలుపెట్టాడు.

"హీరో మన దేశం గూఢచారి అన్నా. పేరు శివకృష్ణ. సొంతూరు మోత్కూర్. ఓపెనింగే శత్రుదేశం. మంచుకొండల నడుమ హీరో మీద ఒక పాట..."

"పాట తీసెయ్. జోకొట్టినట్టుంటది."

ఆ పాట దివాకర్ స్వయంగా రాసుకున్నది. అయినా తీసేశాడు.

"ఆడ హీరోయిన్ కలుస్తది. వాన పడుతుంటది. ఇద్దరు ఒక్క గొడుగు కింద..."

ఫోనులో పెద్ద ఆవలింత. ఆ వెంటనే ఏదో జర్రున జారిన చప్పుడు.

"ఏమైందన్నా?"

"జారిన. ఏం కాలేదు. ప్రేమ గూడ తీసెయ్ తమ్మీ, నీ కాల్మొక్కుత."

కుర్చీలోంచి జారిపోయేంతగా విసుగు పుట్టించానా అని దివాకర్‌కు చెమటలు పట్టాయి. ప్రేమ పోయింది. హీరో స్నేహితుడి కామెడీ ఉందంటే, నవ్వితే తట్టుకోలేనన్నాడు గుర్వయ్య. కామెడీ కూడా పోయింది. ఇక తీసేయడానికేం మిగల్లేదు. నేరుగా ఇంటర్వెల్‌కు దూకాడు.

"హీరో శత్రువుల రహస్యం పట్టుకొని బయటపడుతుంటే విలన్ ఎదురైతడు. అప్పుడే సొంత మనిషి హీరోను ఇడిసిపెట్టి ఉరుకుతడు. వాడే ద్రోహి అన్నట్టు."

"ఇది మాత్రం నిజం. బామ్మర్దులు గట్లనే ఉరుకుతరు. నువ్వు చెప్పు."

"హీరో బిల్డింగు మీదికెక్కుతడు. కింద విలన్ నిలబడ్డడు. ఇంటర్వెల్."

"నిలబడ్డడా, కూసున్నడా?"

ఎవరూ అడగని ప్రశ్న. దివాకర్ తడబడి "కూసున్నడు" అన్నాడు.

"కూసుంటెనే కష్టం తమ్మీ. నిలబడ్డోడన్న పోతడు."

దివాకర్‌కు ఒళ్లు జలదరించింది. నిజమే. అరిచి గంతులేసే విలన్ కంటే తాపీగా కూర్చున్న విలన్‌ను చూస్తేనే భయం.

"ఆ విలన్‌కు ఎక్కుడు వస్తదా?" మళ్లీ గుర్వయ్యే.

"వస్తదన్నా, కమాండో ట్రైనింగ్ చేసినోడు."

గుర్వయ్య గొంతు ఇంకా తగ్గించాడు.

"రాదని పెట్టు."

"సరే అన్నా, రాదు."

బరువుగా ఊపిరి వదిలిన చప్పుడు వినిపించింది.

బాలనర్సమ్మ కుర్చీని దగ్గరికి జరుపుకుంది. "ఆకలైతె వాడే పోతడు గద బిడ్డా. ఎంతసేపని కూసుంటడు?"

"ఎవరా అక్క? మంచి మాట చెప్పింది," అన్నాడు గుర్వయ్య. "గని వాడు పోతలేడు. ఇంటర్వెల్ తర్వాతేంది?"

"హీరో మీదికెల్లి దుంకి..."

"దుంకుడు వద్దు. కాలిరుగుతది."

"మరి ఫైటు లేకపోతే ఎట్లన్నా?"

"ఉత్త చేతులతోని వానితోని ఏం కొట్లాడుతడు? వాని గోర్లు జూసినవా?"

గోర్లు. పొడుగు గోర్ల విలన్. ఇన్నాళ్లూ తనకెందుకు తట్టలేదో దివాకర్‌కు అర్థం కాలేదు. ఈయన డబ్బు పెట్టే మనిషి మాత్రమే కాదు, కథ తెలిసిన మనిషి. ఆ హుషారులో టేబుల్ చుట్టూ తిరుగుతూ క్లైమాక్స్ అందుకున్నాడు. హీరో చేతులు తిమ్మిరెక్కుతున్నాయి. పట్టు జారుతోంది. కింద విలన్ మెల్లగా లేచి పైకి చూశాడు.

"లేసిండా?" గుర్వయ్య గొంతు వణికింది.

"లేసిండన్నా. అప్పుడు దూరంగ జీపుల సప్పుడు. మన సైన్యమొస్తాంది. అన్ని దిక్కులకెల్లి..."

అంతలో ఫోనులో హారన్ మోగింది. డబ్బాల మోత, ఈలలు, కేకలు చెవులు చిల్లులు పడేలా వినిపించాయి. పండుగకొచ్చిన చుట్టాలంతా ఫోను చుట్టూ చేరి వింటున్నారన్నమాట. దివాకర్‌కు కళ్లు చెమర్చాయి. బాలనర్సమ్మ చప్పట్లు కొట్టింది.

గోల కాస్త తగ్గేదాకా ఆగి, గొంతు సవరించుకుని అడిగాడు. "అన్నా, మరి సినిమా మొదలుపెడదామా?"

గుర్వయ్య మొదటిసారి గొంతెత్తి మాట్లాడాడు.

"జర ఆగు తమ్మీ, ఎలుగుబంటి పోయింది, మావోళ్లు నిచ్చెన తెచ్చిండ్రు, ముందుగాల నన్ను చెట్టు దిగనియ్యి."