ఇస్త్రీ రాజులమ్మ పేజీ

నాకు రాత ఆలస్యంగా వచ్చింది. ఒక పేజీ రాయడానికి రెండు రోజులు పడుతుంది. ఒత్తులూ దీర్ఘాలూ తప్పిపోతే మన్నించి, సరిచేసుకుని చదువుకోండి.

"ఈ పేరు కొట్టేస్తున్నాను," అన్నారు వేంకటరమణమూర్తి మాస్టారు, కలం మూత తీస్తూ.

నూకరత్నం అడ్డుపడింది. "అయ్యో, అదేటి మాస్టారూ! రాజులమ్మ పేరెందుకు కొట్టేస్తారు?"

చోడవరంలో ఆ వీధివాళ్ళు ఏటా కార్తీకంలో ఒక సాయంత్రం కూర్చుని, ఆ ఏడాది పోయినవాళ్ళను తలుచుకుంటారు. ఫ్లెక్సీ మీద అందరి ఫొటోలూ ఉంటాయి. ఒక్కొక్కరి జీవితం గురించి మాస్టారు ఒక్కో పేజీ రాసి చదువుతారు. ఈసారి నలుగురు. ముగ్గురి పేజీలు అయిపోయాయి. నాలుగోది ఇస్త్రీ బండి రాజులమ్మది. మధ్యాహ్నంలోగా ఫ్లెక్సీ ప్రింటుకి వెళ్ళాలి.

"ఎందుకంటే, ఆవిడ జీవితం ఏదో నాకే తెలియడం లేదమ్మా. నిన్నటి నుంచి ఇదే గొడవ. శ్రీదేవీ, నాకు చెప్పింది అందరి ముందూ మళ్ళీ చెప్పు."

ఎదురింటి శ్రీదేవి కొంగుతో కళ్ళు ఒత్తుకుంది. "ఆవిడకి ఒక్కడే కొడుకండి. మూడో ఏట జ్వరం వచ్చి పోయాడు. మా చిన్నాడు పోయినప్పుడు నేను వారం రోజులు మెతుకు ముట్టలేదు. అప్పుడు పక్కన కూర్చుని చెప్పింది. ఎవరికీ చెప్పొద్దని ఒట్టు వేయించుకుంది."

"విన్నారుగా? ఇప్పుడు నువ్వు చెప్పు బంగార్రాజూ."

ఆటో నడిపే బంగార్రాజు తల గోక్కున్నాడు. "కొడుకేటండి! ఆవిడికి పిల్లలే నేరు. మొగుడే నాకు పిల్లడురా అనీది. తాగి తాగి ఆకరికి మానేసేడంట. నేను తాగేసి ఆటో గోడకి గుద్దేసినప్పుడు నాకే సెప్పింది. ఎవులికీ సెప్పొద్దంది."

"అబద్ధం! నా చేతులు పట్టుకుని ఏడ్చింది ఆవిడ," అంది శ్రీదేవి.

"నా ఆటోలో కూకుని నవ్వింది మరి!"

నూకరత్నానికి ఏమీ పాలుపోలేదు. కొడుకు ఉన్నాడా, లేడా? ఇద్దరి ముఖాలూ చూసింది. ఇద్దరూ నిజం చెబుతున్నట్టే ఉన్నారు.

అంతలో గుమ్మం దగ్గర చెప్పులు విడుస్తూ ఒకాయన నమస్కారం పెట్టాడు. చీడికాడ నుంచి వచ్చిన సత్తిబాబు. రాజులమ్మ తమ్ముడు. ఫొటో తెమ్మని మాస్టారే ఫోను చేశారు.

"సమయానికి వచ్చావు బాబూ. ముందు మీ బావ పేరు చెప్పు."

"ఏ బావండి?"

"రాజులమ్మ భర్త."

సత్తిబాబు అయోమయంగా చూశాడు. "మా అప్పకి పెళ్ళే అవ్వలేదు కదండి. మా నలుగుర్నీ పెంచడంతోటే సరిపోయింది."



మాస్టారు మళ్ళీ కలం అందుకున్నారు. "చూశారా? పోయినవాళ్ళ గురించి నేనెప్పుడూ ఒక్క అబద్ధం చదవలేదు. ఇప్పుడూ చదవను. నిజమన్నది ఒక్కటైనా ఉంటే కదా రాయడానికి!"

నూకరత్నం చటుక్కున ఆ కాగితం మీద చెయ్యి పెట్టేసింది.

"ఆగండి. నాకు సెప్పిందొకటుంది. మా ఆయన పోయేక పింఛను కోసం బేంకుకెళ్తే, వాళ్ళిచ్చిన కాయితం తలకిందులుగా పట్టుకున్నాను. అక్కడున్నోళ్ళు నవ్వేరు. ఇంటికొచ్చి తలుపేసుకున్నాను. రాజులమ్మొచ్చి ఏటందో తెలుసా? 'నాకూ యాభై దాటేకే సదువొచ్చింది, నీకెందుకు రాదు' అంది. పలకా బలపం తనే కొనుక్కొచ్చింది."

"ఆవిడే నేర్పిందా?"

"అచ్చరాలు మా మనవరాలు దిద్దించీది. సదవడం మాత్రం బండికాడే. తను ఇస్త్రీ సేస్తా ఉంటే, బట్టలు సుట్టే పాత పేపర్లు నేను పైకి సదివేదాన్ని. ఎక్కడన్నా తడబడ్డానా, 'తప్పు, మళ్ళీ సదువే గుంటా' అనీది. అరవై దాటిందాన్ని పట్టుకుని, సిన్నపిల్లని పిలిసినట్టు గుంటా అని! రెండేళ్ళు, మాస్టారూ. ఒక్క తప్పు ఒగ్గలేదు. ఇదీ అబద్ధమంటారేటి?"

మాస్టారు ఏమీ అనకముందే ఆవిడ బల్ల మీది మొదటి పేజీ లాక్కుని, వేలు పెట్టి, నాలుగు వరుసలు గడగడా చదివేసింది.

"ఓలప్పా! పిన్ని సదివేస్తందిరో!" అన్నాడు బంగార్రాజు.

మాస్టారి ముఖంలో బిగువు సడలింది. ముప్పై ఏళ్ళు బడిలో పిల్లలకు తప్పులు దిద్దిన మనిషాయన. కళ్ళజోడు తీసి తుడుచుకుని, మళ్ళీ పెట్టుకున్నారు.

"చాలమ్మా. సాక్షి కళ్ళెదుటే ఉంది. ఇది రాస్తాను." 'శ్రీమతి' అన్న మాట కొట్టేసి, ఒక్కో మాటా పైకి అంటూ రాశారు. "కుమారి రాజులమ్మ గారు యాభై ఏళ్ళు దాటాక పట్టుదలతో చదువు నేర్చుకుని, మరొకరి చేత కూడా చదివించారు... ఆఁ, ఫొటో ఏది బాబూ?"

"మా అప్ప ఫొటోలు దిగేది కాదండి. ఉన్నదిదొక్కటే, పోయినేడు ఖాతా తెరిచినప్పటిది," అంటూ సత్తిబాబు సంచిలోంచి బ్యాంకు పుస్తకం తీశాడు.

నూకరత్నం అందరికంటే ముందు అందుకుని, పైటతో తుడిచి, మొదటి పేజీ తెరిచింది. తపాలా బిళ్ళంత ఫొటో. అదే బొట్టు, అదే నవ్వు.

ఆ ఫొటో కింద, సంతకం ఉండాల్సిన చోట, నీలం సిరాతో ఒక బొటనవేలి ముద్ర ఉంది.

— బొడ్డేడ నూకరత్నం, అరవై ఎనిమిదేళ్ళు. ఇప్పుడు విశాఖపట్నం గాజువాకలో మా అమ్మాయి దగ్గర ఉంటున్నాను.